డాక్టర్ నందకిశోర్ చూడని పన్ను

శాలిబండలో పళ్ల దవాఖానా పెట్టిన నాటినుంచి డాక్టర్ నందకిశోర్ ఒక్కరి నోట్లోకి కూడా చూడలేదు. సరే, ఇది కొంచెం ఎక్కువే. ముందుపళ్ల వరకు చూస్తాడు. వెనకవి చూడాలంటే కుర్చీలోంచి లేవాలి, అంత కష్టం ఆయన ఎవరికోసమూ పడడు. ఆయన ఎక్స్-రే యంత్రం మీద హెల్మెట్ ఉంటుంది, దాని చేతికి గొడుగు వేలాడుతుంది.

మా పక్కింటి రాహేలు ఆర్టీసీ కండక్టర్. ఏడేళ్ల కూతురు ప్రీతి కింది దవడలో చివరి పన్ను నొప్పి అంటే ఆయన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే తేల్చేశాడు.

"పాలపన్నమ్మా. దానంతట అదే రాలుతది. ఫికర్ చెయ్యకు."

ప్రీతి అంతకుముందు ఊడిన పళ్లన్నీ ఇంటి రేకుల మీదికి విసిరింది, కొత్తవి వచ్చాయి. ఇదీ అంతే అనుకుని రోజూ వేలితో కదిపి చూసుకునేది. పన్ను కదల్లేదు. నెలలు గడిచాక చెంప వాచింది.

సర్కారు దవాఖానాలో టార్చి వేసి చూసిన డాక్టరమ్మ చెప్పింది: అది పాలపన్ను కాదు. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనక, ఏదీ ఊడకుండానే వచ్చే పన్ను. ఇక మళ్లీ రాదు. మొదట్లోనే పుచ్చు తీసి నింపి ఉంటే దక్కేది. ఇప్పుడు పీకక తప్పదు.

పీకిన పన్నును ప్రీతి దూదిలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. "అమ్మా, రేకుల మీదికి ఏస్త. కొత్తది వస్తది గదా?"

రాహేలు నేరుగా మా ఇంటికి వచ్చింది.

"తాతా, కాన్వెంటుల చదివినవు. కన్జ్యూమర్ కోర్టుకు ఇంగ్లీషుల రాసిపెట్టు. కేసు నిలబడతదా?"

చూసి పొరబడ్డ వైద్యుడి మీదైతే నేను కలం ఎత్తను. ఈయన చూడలేదు. టార్చి లేదు, ఎక్స్-రే లేదు, పిల్లను నోరు తెరవమని కూడా అనలేదు. దీన్ని పొరపాటంటే నిజంగా పొరబడేవాళ్లకు అవమానం. కానీ ఆయన చీటీ కూడా రాసివ్వలేదు. ఆ మాట అన్నాడని చెప్పడానికి సాక్షి కావాలి. అందుకని ఆయన నోటనే మళ్లీ అనిపిద్దామని నేనూ వాళ్ల వెంట వెళ్లాను.

ప్రీతి నోరు తెరిచి పన్ను పోయిన చోటు చూపించింది. నందకిశోర్ ఫోన్ చూసుకుంటున్నాడు, వెనక ఎక్స్-రే మీద హెల్మెట్ అలాగే ఉంది.

"పాలపన్నే గదమ్మా, ఎప్పటికైనా పోయేదే. గప్పుడే చెప్పిన గదా. చాక్లెట్లు బంద్ చెయ్యి."

"విన్నవా తాతా?" అంది రాహేలు.

"విన్నానమ్మా."

"గదే కోర్టుల చెప్పు."

ఆ మాటకు నందకిశోర్ మొదటిసారి కుర్చీలోంచి లేచాడు.

"ఈ పిల్లను నేనెన్నడు చూడలే. పాలపన్ను అనలే. ఇప్పుడు గూడ ఏమనలే. ఈ ముసలాయన సాక్ష్యం ఎవరు నమ్ముతరమ్మా? నా ఎక్స్-రే మీద హెల్మెట్ ఉంటదని బస్తీ అంత చెప్పుకుంట తిరుగుతుండు. అంత ఝూట్. నాకు హెల్మెటే లేదు."