తాళాలాయన తీసిన రెండు తలుపులు

ముప్పై ఏళ్లుగా తాళాలు బాగుచేస్తున్న ఆ మనిషికి ఒక్కటే నియమం. ఇంటివాళ్లు సరేనంటేనే తాళం మీద చెయ్యి వేయాలి. పని నేర్పిన పెదనాన్న మొదటిరోజే చేతిలో చెయ్యి వేయించుకుని తీసుకున్న మాట అది. దర్జీ కొట్టుకీ మేడమెట్లకీ మధ్య, మనిషి పక్కకి తిరిగితేనే పట్టేంత సందులో అతని దుకాణం. గోడంతా మేకులు, ప్రతి మేకుకీ తాళంచెవులు. వీధిలో అందరికీ అతను తాళాలాయన. "దేవుడొచ్చి తియ్యమన్నా, ఇంటాయన దగ్గర చీటీ రాయించుకు రమ్మంటాడు" అని దర్జీ నవ్వేవాడు.

ఒక పొద్దున మూడో అంతస్తు పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. ఒంటరిగా ఉండే టీచరమ్మ ఎంత పిలిచినా తలుపు తీయడం లేదట. తాళాలాయన పెట్టె పట్టుకుని పైకి వెళ్లాడు కానీ తలుపు ముట్టుకోలేదు.

"ఆవిడ తమ్ముడికి ఫోన్ చెయ్యండమ్మా. ఆయన ఊ అంటే క్షణంలో తీస్తాను."

తమ్ముడు ఫోన్ ఎత్తేసరికి ముప్పావుగంట గడిచింది. తలుపు తీసి చూస్తే టీచరమ్మ స్నానాలగది గుమ్మంలో పడి ఉంది. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. "అరగంట ముందైతే దక్కేదేమో" అన్నాడు వచ్చి చూసిన డాక్టరు, ఎవరి వైపూ చూడకుండా.

తను ఏ తప్పూ చేయలేదు. ఏమీ చేయకపోవడం వల్లే ఒక మనిషి పోయింది. రెండూ ఒకేసారి నిజమెలా అవుతాయో తాళాలాయన బుర్రకి అందలేదు. అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తని మొగుణ్ణి చూసి భార్య అంది: "మీ నియమం మిమ్మల్ని కాపాడిందండీ. ఆవిణ్ణి కాదు."

ఆ మాటతో అతను మారాడు. ఏం చేస్తే మేలో అది చేయాలి, మిగతావన్నీ గట్టున పెట్టాలి అనుకున్నాడు.

నాలుగు నెలల తర్వాత, మిట్టమధ్యాహ్నం, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"అన్నా, తాళంచెవి పోయింది. మా ఆవిడ ఊళ్లో లేదు. పాప మా అమ్మ దగ్గరుంది, ఫిట్స్ మందేమో ఇంట్లో ఉండిపోయింది. కాస్త పుణ్యం కట్టుకో."

పెదనాన్న మాట గొంతుదాకా వచ్చింది. టీచరమ్మ గుర్తొచ్చి దాన్ని మింగేశాడు. ఆయన వెంట వెళ్లి తలుపులో బిగించి ఉన్న తాళాన్ని రెండు నిమిషాల్లో తీశాడు.

లోపల ఒక ఆడమనిషి గోడకి అతుక్కుని నిలబడి ఉంది. ఆమె వెనక ఆరేళ్ల పాప. ఆమె అరవలేదు. మొగుడి వైపు చూడనైనా లేదు. తాళాలాయన్నే చూసింది.

"ఎందుకు తీశారు?"

అతని చేతిలోంచి స్క్రూడ్రైవరు జారిపోయింది. మొగుడు అప్పటికే ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. "నా నుంచి దాక్కుందామనుకున్నావా?" తాళాలాయన ఏం ఆలోచించాడో అతనికే తెలియదు, ఇద్దరి మధ్యకీ దూరాడు. దవడ పగిలేలా దెబ్బ పడింది. ఇంకోటి పడింది. కదల్లేదు. పాప కేకలకి ఇరుగుపొరుగు పోగయ్యేసరికి వాడు మెట్లమీంచి దూకి పారిపోయాడు.

"సమయానికి నువ్వుండబట్టి సరిపోయింది!" అని జనం భుజం తట్టారు. వాణ్ణి లోపలికి తెచ్చిందే తను! ఆ సంగతి ఒక్కరూ అడగరేం? చివరికి పోలీసు వచ్చాక అతనితో తనే అన్నాడు: "తలుపు తీసింది నేనే. రాసుకోండి."

ఇంట్లో భార్య వాచిన దవడకి కాపడం పెడుతూ, "ఎవరికీ ఏమీ కాలేదుగా, ఇంకెందుకు బాధ?" అంది. మంచంలో ఉన్న పెదనాన్న ఒప్పుకోలేదు. "ఏమీ కాకపోయినా తప్పు తప్పేరా. మాటిచ్చి తప్పావు."

కాలేజీలో నీతిశాస్త్రం చదువుతున్న కూతురు పుస్తకం పక్కన పెట్టింది. "నాన్నా, మా పాఠం నిండా ఈ గొడవే. ఫలితాన్ని బట్టే తప్పొప్పులంటారు కొందరు, అమ్మలాగా. ఏమైనా సరే ధర్మం తప్పకూడదంటారు కొందరు, తాతయ్యలాగా. ఇంకొందరేమో పనిని కాదు, చేసినవాడు ఎలాంటి మనిషో చూడమంటారు."

"ఎన్నాళ్లుగా ఈ వాదన?"

"రెండువేల ఏళ్ల పైనే."

"ఏం తేల్చారు?"

"ఇంకా తేలలేదు నాన్నా."

"అంత చదువుకున్నవాళ్లే తేల్చలేదా! మరి ఈలోగా తలుపులెవరు తీస్తున్నారే?"

మూడోరోజు పాప తల్లిని క్షమాపణ అడగడానికి వెళ్లాడు. ఆమె తన అక్క ఇంటికి వెళ్లిపోవడానికి సామాను సర్దుకుంటోంది. అతను నోరు విప్పకముందే అంది: "వాడి అబద్ధం అలా ఉంటుందన్నా. మీరు రెండు నిమిషాలు నమ్మారు. నేను తొమ్మిదేళ్లు నమ్మాను." పాప గౌను మడతపెడుతూ ఆగింది. "కానీ ఒక్కసారి తలుపు తట్టి, లోపలెవరని అడగాల్సింది."

ఎంత చిన్న పని! ఎవరు ఊ అంటారా అని చూశాడు, ఏం మేలు జరుగుతుందా అని చూశాడు. తలుపు వెనక ఉన్న మనిషిని మాత్రం ఎన్నడూ పిలవలేదు. టీచరమ్మ తలుపుకి చెవి ఆనించి ఉంటే మూలుగు వినపడేదేమో.

తర్వాత కోర్టులో జరిగింది జరిగినట్టు సాక్ష్యం చెప్పాడు. వాడు తల్లీబిడ్డల దరిదాపులకి రాకూడదని తీర్పొచ్చింది. ఆమె తన అక్క ఊళ్లో పనిలో కుదిరింది.

తాళాలాయన ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా ముందు తలుపు తట్టి, చెవి ఆనించి, గట్టిగా పిలుస్తాడు. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్లు విసుక్కుంటారు, కొందరు వేరే మనిషిని వెతుక్కున్నారు కూడా. ఇదే సరైన పద్ధతని అతను ఎవరితోనూ వాదించడు. ఎప్పుడైనా లోపలినుంచి "ఎవరూ?" అని వినపడితే మాత్రం తాళం మీంచి చెయ్యి తీసి రెండడుగులు వెనక్కి వేస్తాడు.