క్యాప్సికం నారూ, రెండు రకాల ఇన్‌స్టాలూ

పోయిన ఎండాకాలం, బుధవారం, పొద్దున పదీముక్కాలు. తళి దగ్గర మా గ్రీన్‌హౌసులో క్యాప్సికం నారు. ముందురోజు పిడుగుపడి, పైనుంచి నీటి తుంపర చల్లే మోటారును నడిపే కంప్యూటరు కాలిపోయింది. చేత్తో వేసే స్విచ్చి ఒకటి ఉండె. కంప్యూటరు వచ్చినాక అదెందుకని మావోళ్ళు పీకించేసినారు. పన్నెండు లోపల తుంపర పడకపోతే నారు పోతాది.

హోసూరు నుంచి కూతురూ అల్లుడూ ఒకే బండిలో వచ్చినారు, చెరొక కంప్యూటరుతో. కంప్యూటరును నడిపే మూల ప్రోగ్రాం కూతురిది లినక్స్, అల్లుడిది బీఎస్‌డీ. రెండూ యూనిక్స్ అనే ఒకే వంశమంట. దాయాదులు, ఇంక పొత్తు యాడ కుదురుతాది? మోటారు నడిపే ప్రోగ్రాం ఎట్ల ఎక్కించాలని పేచీ.

"ఒక్క వరస కొడితే చాలు నాయనా. దానికి కావలసిన తోడు సామాన్లన్నీ అదే వెదికి తెచ్చుకుంటాది," అనింది కూతురు.

"ఎవురో కట్టిన మూట మనకెందుకు మామా? ప్రోగ్రాం రాసిన సోర్సు తెచ్చి మన మిషన్లోనే కంపైల్ చేసి తయారు చేసుకుంటే మనకు తగినట్లుంటాది," అన్నాడు అల్లుడు.

"మీ దాంట్లోనూ కట్టిన మూటలుండాయి కదా?" అనింది కూతురు.

"ఉండాయి. నాకు నచ్చవు."

నాకు అర్థమయింది. ఒకరు నర్సరీలో ట్రే నారు తెచ్చే రకం, ఒకరు విత్తనం చల్లి మొలకకు కాచుకోనుండే రకం. రెండూ సేద్యమే. ఎండ నెత్తికెక్కినాక విత్తనం చల్లేవాణ్ణి మా ఊర్లో ఏమంటారో, అల్లుడు కాబట్టి చెప్పలేదు.

"ఇంకెంతసేపప్పా?" అని అల్లుణ్ణి అడిగినాను.

"అవుతా ఉండాది మామా."

అల్లుడి తెర మీద అక్షరాలు జలజలా పారుతా ఉండె. కూతురు తన వరస కొట్టేసి, ఆ తెరను చూసి నవ్వుతా ఉండె. తన తెర చూసుకోలేదు.

"రెండు డిగ్రీల చదువులుండాయి, చుక్క నీళ్ళు లేవు," అని నా పెండ్లాం బిందె ఎత్తుకోని నారు మీద చేత్తో చల్లబట్టె.

నేను కూతురి కంప్యూటరు ముందర కూచున్నాను. యాభై దాటినాక అక్షరాలు నేర్చినోణ్ణి. ఏది కనబడినా కూడబలుక్కోని కడదాకా చదువుతాను. అడుగు వరసలో ఒక ప్రశ్న ఉండె: ఇన్ని సామాన్లు దించేదా వద్దా? సరే అంటే వై, వద్దంటే ఎన్.

"ఏమ్మా, ఇది ఎంతసేపటి నుంచి అడుగుతా ఉండాది?"

ఇద్దరూ తిరిగి చూసినారు.

వై నొక్కినాను. ప్రోగ్రాం నిమిషంలో ఎక్కింది. కూతురు మోటారుకు వైరు తగిలించేసరికి పదకొండూ యాభై. తుంపర పడింది. పడమటి వరసలు తేరుకున్నాయి; పొద్దుటెండ నేరుగా తగిలిన తూర్పు వరసలో వాలిన తలలు మళ్ళీ లేవలేదు. అల్లుడిది సాయంత్రానికి ముగిసింది. బాగానే నడిచింది, అబద్ధమెందుకు? ఆ మాట తూర్పు వరసకు చెప్పుకోమన్నాను.

ఆ పొద్దు ఆడ ఉండినోళ్ళు: బిందెతో నా పెండ్లాం, కంప్యూటరుకు జవాబు చెప్పడం మరిచిన కూతురు, కంపైల్ చేస్తా ఉండిన అల్లుడు, నేను.