టింబక్టులో మట్టి పని

మలేషియాలో పెనాంగ్ దీవికి వెళ్లే ఫెర్రీ కోసం కూర్చున్నాం. జ్వరం తగ్గి వారం కూడా కాలేదు, మా పాప పూలకుండీ మట్టిలో రెండు చేతులూ ముంచింది.

"ఏటే సేసినావు! మళ్లీ జరమొస్తే?" అంటూ తుడవబోయాను.

పక్కనున్న ఆఫ్రికా విద్యార్థిని నవ్వింది. "ఉండనీ లా, అక్కా!" అంది మలయ్‌లో, ఇక్కడివాళ్లలాగే మాట చివర 'లా' చేర్చి.

ఆమెది మాలి దేశంలోని టింబక్టు. ఒకప్పుడు దూరదేశాల పండితులు చదువుకోవడానికి వచ్చిన ఊరని పాఠాల్లో విన్నాను. వాళ్లు చదివిన మసీదు మట్టిదేనని మాత్రం తెలియదు. వానకు కరిగిన గోడలకు ఊరంతా చేతులతోనే మట్టి మెత్తుతారట, పిల్లలతో సహా.

"మరి జబ్బు చెయ్యదా?" అన్నాను.

"మా అమ్మా ఇదే అడిగేది. మేం వింటే కదా!"

ఫెర్రీ వచ్చింది. పాపను అలాగే ఎత్తుకున్నాను. నా భుజం మీద మట్టివేళ్లు పడ్డాయి.

ఇది రాస్తూ ఇప్పుడే పాప నుదురు తాకి చూశాను. చల్లగానే ఉంది.