ఎడమ పక్క కుట్టు

ముదిగుబ్బ చుట్టుపక్కల స్వెట్టర్లు ఎవరు వేసుకుంటారని అడిగితే నవ్వొస్తుంది. ఏడాదిలో పది నెలలు ఎండ నెత్తి మాడ్చే నేల ఇది. అయినా రెబెకా నడిపే అల్లిక కేంద్రంలో పన్నెండు మంది ఆడవాళ్లు ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ ఊలు స్వెట్టర్లు అల్లుతారు. ఎక్కడో చలిదేశాల వాళ్లు వాటిని తొడుక్కుంటారట. వీళ్లు ముందు ముక్క, వెనక ముక్క, రెండు చేతులు విడివిడిగా అల్లి ఇస్తే, వాటిని కలిపి ఒక బట్టగా చేసేది గంగాదేవి.

అదేం పెద్ద పని అనుకునేవాళ్లు ఒకసారి కూర్చుని కుట్టి చూడాలి. ఒకామె బిగించి అల్లుతుంది, ఒకామె వదులుగా అల్లుతుంది. ముందు ముక్కకు నూటపది వరుసలుంటే వెనక ముక్కకు నూటపదహారు తేలతాయి. ఆ ఆరు వరుసలనూ గంగాదేవి ఎక్కడ మాయం చేస్తుందో ఆమెకే తెలియాలి. మొన మొద్దుగా ఉండే సూదితో ఇటు అంచులో ఒక పోగు, అటు అంచులో ఒక పోగు ఎత్తుకుంటూ నిచ్చెన ఎక్కినట్టు పోతుంది. బెత్తెడు కుట్టాక దారం మెల్లగా లాగుతుంది. అంచులు రెండూ లోపలికి ముడుచుకుని, అసలు కుట్టే లేనట్టు అల్లిక కలిసిపోతుంది.

ఇది ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య కాదు. అంతకుముందు చెనక్కాయల మిల్లులో గోనెసంచుల మూతులు కుట్టేది. ఒక్క కాయ జారకూడదని దబ్బనంతో బిగబట్టి లాగడం చేతికి అలవాటు. మొదటి స్వెట్టరునూ అట్లాగే కుడితే, రెబెకా తొడుక్కుని చెయ్యెత్తగానే చంకలో దారం పుటుక్కున తెగింది. "ఇది మనిషి తొడుక్కునేది గంగా, చెనక్కాయల మూట కాదు" అని ఆర్నెల్లు తిట్టి తిట్టి ఆ చేతిని మార్చింది రెబెకా. పుట్టపర్తిలో కొత్తగా తెరిచే కేంద్రంలో కుట్టు నేర్పడానికి ఇప్పుడు ఆ రెబెకానే గంగాదేవిని పంపాలనుకుంటోంది. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి గంగాదేవి నడకే మారిపోయింది.

ఆ చలికాలం తన తండ్రి తిమ్మన్నకు ఒక స్వెట్టరు అల్లింది. తిమ్మన్నకు చూపు పోయి మూడేళ్లు. అయినా ఎవరి సాయమూ ఒప్పుకోడు. పంచె తనే కట్టుకుంటాడు, చొక్కా తనే తొడుక్కుంటాడు. తెల్లవారుతూనే గొర్రెల దొడ్డి దగ్గరికి పోయి, తడికను ఒక్క గొర్రె పట్టేంత తెరిచి, దాటే ప్రతిదాని వీపు మీదా చెయ్యి వేసి లెక్కపెడతాడు. ఆ లెక్క విన్నాకే అల్లుడు మల్లికార్జున మందను తోలుకుపోవాలి. కప్పుకున్న కంబళి మాటిమాటికీ భుజం మీంచి జారుతుంటే, లెక్క మధ్యలో ఆయన చెయ్యి ఆగిపోయేది. అందుకే ఈ స్వెట్టరు. బూడిదరంగు ఊలు, రెండు నెలల పని. గంగాదేవి తనకున్న విద్యంతా పెట్టి కుట్టింది.

తొడుక్కోవలసిన మొదటి పొద్దునే తిమ్మన్న దొడ్డి దగ్గరికి రాలేదు. గొర్రెలు అరుస్తున్నాయి. గంగాదేవి ఇంట్లోకి పోయి చూస్తే, స్వెట్టరును అటు తిప్పి ఇటు తిప్పి తడుముతున్నాడు.

"కుట్టు యాడుండాదే తల్లీ? ఎతికి ఎతికి యాష్టకొస్తాండాది."

"కనపడకుండా కుట్టినా నాయనా."

"కంబళికి నడుమ కుట్టుండాది. చొక్కాకు పక్కన కుట్టుండాది. చెయ్యి పెడితే ముందేదో ఎనకేదో తెలుస్తాది. దీనికేమీ లేదు. నేను తొడుక్కొనేదెట్ల?"

"రా, నేను తొడుగుతా."

"నువ్వు తొడిగేదైతే నాకొద్దు."

ఆ రోజు మంద లెక్క లేకుండానే మేతకు పోయింది. మూడేళ్లలో అదే మొదటిసారి. తిమ్మన్న సంగటి ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి పెట్టలేదు.

గంగాదేవికి ఒళ్లు మండింది. ఊరంతా మెచ్చిన కుట్టు ఇంట్లో తప్పయి కూర్చుంది. ఆ మంటతోనే కత్తెర పట్టుకుంటే, తను కుట్టిన కుట్టు తనకే దొరకలేదు. ఎండలోకి తీసుకుపోయి అల్లిక సాగదీసి చూస్తే గానీ చిక్కలేదు. ఎడమ పక్క మొత్తం విప్పింది. మూలన పడేసిన దబ్బనం వెతికి తెచ్చింది. కంబళి అతుకులకు దాచిన నల్ల ఉన్నిదారంతో, అంచులు బయటికి పెట్టి, చంక నుంచి నడుము దాకా తాడంత లావున కుట్టుకుంటూ పోయింది. చెయ్యెత్తితే తెగకుండా చంకలో మాత్రం కాస్త వదులు ఉంచింది. రెబెకా తిట్లు ఊరికే పోలేదు. కుడి పక్క జోలికి వెళ్లలేదు.

తిమ్మన్న దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లకు కుట్టు తగిలింది. అది బయట ఉండాలి, ఎడమ చేతి కింద ఉండాలి, అంతే. ఒక్క ఊపున తొడుక్కున్నాడు. మర్నాటి నుంచి లెక్క మళ్లీ సాగింది.

పది రోజుల తర్వాత రెబెకా ఫోన్ చేసింది. రేపు పొద్దున్నే ఆటోలో వస్తానని, పుట్టపర్తికి పోదామని చెప్పింది. గంగాదేవికి వెంటనే ఆ నల్ల కుట్టు గుర్తొచ్చింది. అది రెబెకా కంట పడితే నేర్పే పని చేజారినట్టే. ఒక్కపూటకు కంబళి చాలదా అనుకుంది. స్వెట్టరును ట్రంకుపెట్టెలో పెట్టి, కొయ్యకు కంబళి తగిలించింది. పొద్దున తండ్రి లేచి, కొయ్యను తడిమి, దొరకక అట్లాగే నిలబడి ఉండటం కళ్లకు కట్టింది. ఆమెకు సిగ్గేసింది. పెట్టె తెరిచి స్వెట్టరు మళ్లీ కొయ్యకు తగిలించింది.

రెబెకా వచ్చేసరికి దొడ్డి దగ్గర లెక్క నడుస్తోంది. ఆమె చూపు నేరుగా తిమ్మన్న ఎడమ పక్కకే పోయింది.

"ఎవరే ఇది కుట్టినది? గోనెసంచి మాదిరుండాది."

"నేనే అక్కా. దబ్బనంతో కుట్టినా." గంగాదేవి తల దించుకోలేదు. "నాయన చేతికి తెలియల్లని కుట్టినా. ఇన్నేళ్లలో నేను కుట్టిన కుట్లలో ఇదే మంచిది."

చివరి గొర్రె దాటింది. "డెబ్బై రెండు. పోనీప్పా" అని అల్లుడికి చెప్పి తిమ్మన్న ఇటు తిరిగాడు. కుడి చెయ్యి పైకెత్తాడు.

"రెబెకమ్మా, ఆ పక్కది నా కుట్టు. ఈ పక్కది నువ్వు నేర్పిన కుట్టు. ఎతుక్కో."

రెబెకా కళ్లద్దాలు పెట్టుకుని వంగింది. చంక నుంచి నడుము దాకా వేలితో రాసుకుంటూ దిగింది, మళ్లీ పైకి పోయింది. తిమ్మన్న చెయ్యెత్తి ఓపిగ్గా నిలబడ్డాడు. ఆమె మూడోసారి కూడా వెతికి, కళ్లద్దాలు తీసేసింది.

"బండెక్కు గంగా, పొద్దుపోతాంది" అంది. ఆటో దాకా పోయి, వెనక్కి తిరిగి చూసింది.

"ఆ దబ్బనం గూడా ఎత్తుకో."