పప్పు ఉడకని ఇల్లు మాకొద్దంది అమ్మ

మా చిన్నప్పుడు... ఇల్లు బేరం ఖాయం చేసుకోవడానికి బయల్దేరిన రోజున మా అమ్మ సంచిలో ఏం పెట్టుకుందో తెలుసా? రెండు సత్తు గిన్నెలు, గుడ్డలో మూటకట్టిన కందిపప్పు, మరచెంబు నిండా మేం తాగే బావి నీళ్ళు!

నాన్న తల పట్టుకున్నాడు. "ఏందే ఇది? ఇల్లు కొననీకి పోతున్నమా, హోటల్ పెట్టనీకి పోతున్నమా?" అన్నాడు. అమ్మ సంచి భుజానేసుకుంది. వెళ్ళి బస్సెక్కి కూర్చుంది.

అప్పుడు మేం జూలూరుపాడు అవతల, అడవి పక్క ఊళ్ళో కిరాయికి ఉండేవాళ్ళం. నాన్నకు కలప డిపోలో ఉద్యోగం. అది ఏజెన్సీ... అక్కడి భూములు గిరిజనులవి, మాలాంటివాళ్ళు కొనకూడదు. "తెల్లకాగితం మీద రాసిస్తం, ఏం గాదు" అని ఆశపెట్టిన దళారులకు నాన్న దండం పెట్టి పంపించేశాడు. అందుకే ఏజెన్సీ దాటి ఇటు ముదిగొండ దగ్గర ఒక ఊళ్ళో ఇల్లు చూశాడు. మా కిరాయింటాయనేమో కొడుకు పెళ్ళి ఉంది, ఖాళీ చెయ్యమని ఒకటే పోరు. ఈ బేరం తప్పితే మా సామాను మళ్ళీ ఎవరి వసారాలో పడుతుందో తెలియదు.

ఆ ఇల్లు చూసి నాకైతే కళ్ళు చెదిరాయి. కొత్త డాబా... నున్నటి గచ్చు, వీధివైపు అరుగు, పెరట్లో గిలక బావి. నాన్న ముందే మాటిచ్చేశాడు. ఇక బయానా ఇవ్వడమే మిగిలింది.

అమ్మ గదులన్నీ ఒక చుట్టు చుట్టి, నేరుగా పక్కింటి ముసలమ్మ దగ్గరికి నడిచింది. "పెద్దమ్మా, నీ పొయ్యి జర ఇస్తవా?" అంది. ఆమెది జోడు పొయ్యి. ఒక గిన్నెలో ఆ ఇంటి బావి నీళ్ళు, ఇంకోదాంట్లో మరచెంబు నీళ్ళు పోసి, రెండిట్లోనూ పప్పు వేసింది. ఇల్లమ్మే ఆయన ముఖం మాడిపోయింది. నాన్న సిగ్గుతో అటు తిరిగి నిలబడ్డాడు.

మరచెంబు నీళ్ళలో పప్పు మెత్తగా విడిపోయింది. రెండోది... ఎంత మంట పెట్టినా పలుకు పలుకే!

"పాతపప్పు అయ్యుంటది లేమ్మా" అన్నాడు ఇంటాయన.

"రెండిట్ల ఉన్నది ఒక్కటే పప్పు గద అన్నా" అంది అమ్మ.

అప్పటిదాకా ఊరుకున్న ముసలమ్మ నోరు విప్పింది. "అవ్ బిడ్డా, గీ బాయివి ఉప్పు నీళ్ళు, పప్పు ఉడకది. తాగనీకి, వండనీకి మేం ఊరవతల చేన్ల బాయికెల్లి మోసుకొస్తం. ఇల్లు కొననీకి మగోళ్ళే వస్తరాయె... ఎవరన్న అడిగితే గద చెప్పేది!"

బస్సు కోసం నిలబడ్డచోట నాన్న కోపం పట్టలేకపోయాడు. "ఇచ్చిన మాట తప్పితే నలుగురిల తల ఎట్లెత్తుకోవాలె? పప్పు కోసం ఇల్లు ఇడుస్తవా?"

"ఆ నీళ్ళు మోసేది మీరు గాదు, నేను. నా తర్వాత ఈ పిల్ల. బయానా ఇస్తే ఇచ్చుకోండ్రి... నేనైతే ఆ గడప తొక్క" అంది అమ్మ. నాకు భయమేసింది. లోపల ఎక్కడో గర్వంగానూ ఉంది.

నాన్న బయానా అయితే ఇవ్వలేదు కానీ, చాలా రోజులు అమ్మతో మాట్లాడలేదు. మేం ఇంకో కిరాయింటికి మారాం, వాన పడితే కురిసే రెండు గదులు. అమ్మ ఒక్కసారి కూడా అయ్యో అనలేదు. ఆ వానల్లోనే గొడుగేసుకుని ఇళ్ళు చూసింది. "ఎండకాలం ఏ ఇల్లయినా బంగారమే, వానల చూస్తేనే దాని గుణం తెలుస్తది" అనేది. చివరికి ఒక చిన్న పెంకుటిల్లు దొరికింది. అందం చందం లేదు కానీ నీళ్ళు మాత్రం కొబ్బరినీళ్ళే. ఆ ఇంటి పాత దస్తావేజులన్నీ తెలిసినవాళ్ళతో చదివించాకే నాన్న బయానా ఇచ్చాడు.

తర్వాత్తర్వాత తోటి ఉద్యోగులెవరైనా ఇల్లు చూడ్డానికి తోడు రమ్మంటే, నాన్న మొదట అడిగేది ఒకటే. "మీ ఇంటామె వస్తున్నదా? ఆమె రాకుంటే నేను రాను!" వంటింట్లో అమ్మ ఏమీ విననట్టే ఉండేది... దొంగ నవ్వు నవ్వుకుంటూ.

మొన్న ఖమ్మంలో ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళాం. లిఫ్టు, ఫాల్స్ సీలింగు, ఫోన్లో రంగురంగుల బొమ్మలు... సేల్స్ అతను అన్నీ మా ఆయనకే చెప్తున్నాడు. "నీళ్ళు ఎక్కడివి? ఎండాకాలం బోరు ఎండిపోతుందా?" అని నేనడిగితే, "అవన్నీ అసోసియేషన్ చూసుకుంటది మేడం" అని చల్లటి మంచినీళ్ళ సీసా చేతిలో పెట్టాడు. వంటింట్లో కుళాయి తిప్పి చూపించమన్నాను. ఇంకా కనెక్షన్ రాలేదట. "నీళ్ళొచ్చాకే వస్తాం" అని లేచాను. ఆఫర్ ఈ వారమేనని మా ఆయన నసిగాడు. పోతే పోనీ అన్నాను.

ఇప్పుడు ఇళ్ళు ఆకాశమంత ఎత్తుకు పెరిగాయి... పక్కింటి తలుపు తట్టి ఒక్క మాట అడిగే ఓపికే ఎవరికీ లేదు. మరి మీ ఇంట్లో? ఇల్లు కొనేటప్పుడు, రోజూ అందులో వండి, తోమి, కడిగే మనిషి మాట ఎవరైనా విన్నారా? వింటే ఆ ముచ్చట ఇక్కడ చెప్పండి. వినకపోతే... ఈసారైనా బయానా ఇవ్వకముందే వెళ్ళి ఆమెను అడగండి.