పెద్దవ్వ కుంపటికి నేను పోసిన తగరం

మీ ఇంట్లో వదులుగా ఉన్నదాన్ని బిగించే ముందు, అది ఎందుకు వదులుగా ఉందని మీరు ఎన్నడైనా అడిగారా? నేను అడగలేదు. నిజాం మీద, దొరల మీద ఊరూరా సంఘం తిరగబడుతున్న ఆ రోజుల్లో నాకు ఇరవై ఏళ్లు, జనగామలో పంతులు కొలువు, తల నిండా కొత్తగా పట్టిన హేతువాదం. ఈ మూడూ ఒకే మనిషికి ఒకేసారి దొరకకూడదు. పొద్దున దేవుడి మీద, సాయంత్రం దయ్యం మీద, మధ్యలో ఎవరూ దొరక్కపోతే నా విద్యార్థుల తావీజుల మీద యుద్ధం చేసేవాణ్ని. నేను వేయని ప్రశ్న లేదని నా గర్వం. (ఎదుటివాళ్ల జవాబు పూర్తిగా విన్న గుర్తు మాత్రం లేదు.)

మా అమ్మకు అక్క, నేను పెద్దవ్వా అని పిలిచే ఆవిడ ఇంట్లోనే నా మకాం. ఆమె స్టేషను ముందు మక్కకంకులు కాల్చి అమ్మేది. ఆమెకున్నలాంటి బొగ్గుల కుంపటి ఊళ్లో మరెవరికీ లేదు. బానలాంటి గుండ్రటి ఇనుప గిన్నె, దాని మీద బోర్లించే మూత, కింద మూడు గొట్టం కాళ్లు. అందులో ఒక కాలు ఎప్పుడూ లొడలొడలాడేది. ఆ కాలికి నల్లదారం, దారానికి ఎండిన నిమ్మకాయ. రోజూ అన్నం తినేటప్పుడు ఆ నిమ్మకాయ నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉండేది.

నాకు అప్పుడు తెలియని సంగతి మీకు ముందే చెప్పేస్తాను. ఆ కాలు లాగితే ఊడి వచ్చేది. లోపల, మూసిన అడుగు చివర, ఒక చీటీ పట్టేది. కంకులు తింటూ నిజాం జవాన్లు మాట్లాడుకునే మాటలు పెద్దవ్వ వినేది, నమ్మకస్తులతో రాయించి అందులో దాచేది. మర్నాడు వాళ్ల లారీలు ఏ ఊరి మీద పడబోతున్నాయో ఆ చీటీ సంఘానికి చెప్పేది. నిమ్మకాయ వేలాడుతున్నంత కాలం ఏ జవానూ ఆ కాలిని ముట్టుకోడు. అదీ ఆమె లెక్క.

ఒక ఆదివారం ఆమె కాలిలో ఆనాటి చీటీ దాచి, కంకులు తేవడానికి పోయింది. నేను దారం తెంపి, నిమ్మకాయను గోడ అవతలికి విసిరేశాను. కళాయి పోసేవాడి దగ్గర అడిగి తెచ్చిన తగరం కరిగించి, కాలిని గిన్నెకు అతికేశాను. తగరం కరిగితేనే అతుకుతుందని నాకు తెలుసు. కరిగింది మళ్లీ కరుగుతుందన్న చిన్న తర్కం మాత్రం తట్టలేదు.

పెద్దవ్వ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"కొడుకా, నిమ్మకాయేది?"

"పారేసిన. కాలు కదిలేది దయ్యంతోని కాదు పెద్దవ్వా, సందుతోని. గిప్పుడు లాగి చూడు!"

ఆమె లాగింది. రెండు చేతులతో లాగింది. ముఖం పాలిపోయింది.

"గిది ఊడాలెరా!"

"కుంపటికి కాలు ఊడాల్నా? గిదే మూఢత్వమంటె!"

"నీ సదువు మీద మన్నువడ! ఎవలు జెయ్యమన్నరు నిన్ను?"

నేను జవాబుగా ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె గడ్డపార కోసం లోపలికి పోతుండగానే బండి కూత వినిపించింది. వాకిట్లో మీసాల జవాన్ లాఠీతో తలుపు కొట్టాడు. "ఏందవ్వా, ఇయ్యాల కంకులు లెవ్వా? జల్ది తే!" ఇక గత్యంతరం లేదు. కుంపటిని నా నెత్తికే ఎత్తించి స్టేషను ముందుకు నడిచింది.

బొగ్గులు రాజుకున్నాయి. పాలకుర్తి దిక్కు నుంచి గొంగడి కప్పుకున్న మనిషొకడు వచ్చి, కంకి తీసుకుని, కుంపటి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎవరూ చూడకుండా, గిన్నె కింద ఇటుక ఆనించి, కాలు పట్టి లాగాడు. రాలేదు. ఇటుక తీసేసి అతడు పెద్దవ్వను చూశాడు. పెద్దవ్వ నన్ను చూసింది.

"నిమ్మకాయేమాయె?" అన్నాడు జవాన్.

"నేనే తీసేసిన," అన్నాను, మెడల్ అందుకునేవాడిలా ఛాతీ విరుచుకుని. "కాలు గట్టిగ చేసిన. కావాలంటె చూడుండ్రి!"

నిమ్మకాయ అడ్డం తొలగిపోయింది కదా, జవాన్ నిజంగానే వంగి, లాఠీతో కాలిని టకటకా తట్టాడు. సరిగ్గా అప్పుడే గిన్నె కింద ఒక వెండి బొట్టు మెరిసింది. ఇంకొకటి. మరుక్షణం నా శాస్త్రీయ విజయం బొట్లుబొట్లుగా కారిపోయి కాలు ఊడింది, కుంపటి ఒరిగింది, నిప్పులన్నీ జవాన్ బూట్ల మీద పడ్డాయి.

"అరెరె! దారం తెంపితె గిట్లనే అయితది!" అంటూ అతడు గెంతుకుంటూ అవతలికి పోయాడు. (ఆ సాయంత్రం స్టేషను దగ్గర మూఢనమ్మకం ఎంత పెరిగిందో, అందుకు నా పాత్ర ఎంతో, మీరే ఊహించుకోండి.)

పెద్దవ్వ తడిగుడ్డతో కాలు అందుకుంది. నన్ను నోటికొచ్చినట్టు తిడుతూనే గొంగడి మనిషి చేతిలో పెట్టింది. "తమ్మీ, మీ ఊరి కమ్మరోనికిచ్చి జర సక్కగ జేపియ్యి. మా పంతులు దీని పానం దీసిండు!" వేడి తగిలింది పై చివరకే, అడుగున చీటీ క్షేమం. మర్నాడు లారీలు పోయిన ఊళ్లో జవాన్లకు ఒక్క మగమనిషి కూడా దొరకలేదు.

ఆ తర్వాతే పెద్దవ్వ నాకు అంతా చెప్పింది. కుంపటి మూడో కాలు స్థానంలో ఇటుకలు పెట్టుకుంటూ చెప్పింది.

"ముందే ఎందుకు చెప్పలే పెద్దవ్వా?" అన్నాను రోషంగా.

"నీకు జెప్తె మీటింగుల జెప్తవు, కొడుకా."

నిజమే. చెప్పేవాణ్నే. ఉదాహరణలతో సహా.

వారం తిరక్కుండానే కాలు తిరిగి వచ్చింది, మునుపటిలాగే లొడలొడలాడుతూ. దానికి కొత్త నిమ్మకాయ కట్టింది నేనే. ముడి సరిగ్గా పడలేదని పెద్దవ్వ నవ్వింది. నిమ్మకాయకు ఏ శక్తీ లేదని ఇవాళ్టికీ ఎవరితోనైనా వాదిస్తాను, గెలుస్తాను కూడా. కానీ గోడ అవతలికి దాన్ని విసిరిన ఆ ఇరవై ఏళ్ల పంతులు గుర్తొస్తే ఒంటరిగా కూడా నవ్వాగదు.

కాబట్టి ఈ పుటలు పక్కన పెట్టి లేవండి. మీ ఇంట్లో ఎవరి పద్ధతిని మూర్ఖత్వమని మీరు తీర్పు చెప్పేశారో, వాళ్ల దగ్గరికి ఇప్పుడే వెళ్లి, ఇదెందుకు ఇలా ఉందని అడగండి. వాళ్లు చెప్పడం ముగించే దాకా మీ తగరం కరిగించకండి.