ఖాళీ లైనుకు నంబరు

ఇబ్రహీంపట్నం బస్టాండ్ వెనక, కుట్టుమిషన్ల దుకాణం మీది గదిలో నేనొక్కదాన్నే ఉంటాను. పనీ ఒంటరిదే. పల్లె పాటల పుస్తకాలను కంప్యూటర్లో టైపు చేసి సిటీలోని కంపెనీకి పంపాలి. నేనేమో వాగుడుకాయను. పొద్దంతా మాట్లాడక, సాయంత్రం పాలప్యాకెట్ అడిగేసరికి గొంతు బొంగురుగా వచ్చేది.

నేను టైపు చేసింది హయత్‌నగర్‌లో ఒక అక్క సరిచూస్తుంది. ఆమెను ఎప్పుడూ చూడలేదు. తప్పుంటే లైను నంబరు రాసి పంపుతుంది, నేను దిద్దుతాను. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ నంబర్లు కలవలేదు. తప్పు ఒకచోట ఉంటే నేను మరోచోట వెతికి, మంచి లైనునే చెడగొట్టేదాన్ని. "ఇట్లనే చేస్తే పుస్తకం ఇంకొకరికిస్తం" అన్నాడు కంపెనీ సార్.

లోపం సాఫ్ట్‌వేర్‌లోనే ఉందని కంపెనీకి రాసి పంపాను. "లోపమేమీ లేదు, చూసి టైపు చేయండి" అని ఫిర్యాదు మూసేశారు. ఏడుపొచ్చి, మొదటిసారి అక్కకు ఫోన్ చేశాను.

"తొమ్మిదో లైన్ల ఏమున్నదక్కా నీకు?"

"పాటున్నది. నీకేమున్నది?"

"ఏం లేదు. ఖాళీగున్నది."

"ఖాళీగెందుకుంటది? అసలు టైపు చేసినవా లేదా?"

"చేసిన. మీదికెల్లి చదువు, నేను చూస్త."

"ఉట్టిగ చదవరాదే నాకు. పాడితేనే వస్తది. నవ్వద్దు మల్ల."

అక్క పాడింది. చరణం ముగిసి ఆమె ఊపిరి పీల్చుకున్న చోటే లోపం దొరికింది. చరణానికీ చరణానికీ మధ్య మేం ఒక లైను ఖాళీ వదులుతాం. నా స్క్రీన్ మీద ఆ ఖాళీకీ నంబరు పడుతోంది, అక్క స్క్రీన్ మీద పడటం లేదు. పాట సాగేకొద్దీ తేడా పెరుగుతోంది.

రెండు స్క్రీన్ల ఫొటోలు పక్కపక్కన పెట్టి పంపాను. మళ్లీ మూసేశారు. నేనూ మళ్లీ పంపాను. ఈలోపు తప్పులన్నీ ఫోన్లోనే వెతుక్కున్నాం. తప్పు దగ్గరికి రావాలంటే అక్క మొదటి నుంచి పాడాల్సిందే. మధ్యలో కుక్కర్ కూసేది. "జర ఆగు, పప్పు మాడుతది" అని వెళ్లి, వచ్చి మళ్లీ ఎత్తుకునేది. నేను టైపు చేసిన పాటల రాగాలు నాకు అప్పుడే తెలిశాయి.

చివరికి సార్ ఫోన్ చేశాడు. "నువ్వు చెప్పిందే నిజమమ్మా. సరిచేసినం. పుస్తకం నీదే."

వెంటనే అక్కకు చెప్పాను.

"మంచిగయింది. ఇగ నాకు పాడే తిప్పల్లేవు" అని నవ్వింది.

నిజంగానే లేవు. ఇప్పుడు నంబర్లే వస్తాయి, అన్నీ సరిగ్గా. నిన్న తప్పు కళ్లముందే ఉన్నా దిద్దకుండా ఫోన్ చేశాను.

"నంబర్ రాసిన గద చెల్లె, కనవడ్తలేదా?"

"కనవడ్తున్నదక్కా" అన్నాను.

ఫోన్ పెట్టేసి దిద్దాను.